దీవెనల తూకం

పార్సిల్ ఆఫీసు తలుపులు తొమ్మిదింటికి తెరుస్తారు. తూకం చూసే ఆమె మాత్రం ఎనిమిదిన్నరకే వచ్చి, కాటా మీద దుమ్ము తుడిచి, సున్నా పడిందో లేదో చూసుకుని, ముందుగా కొడుకుని దాని మీద నిలబెడుతుంది. పదకొండేళ్ళుగా ఆ కాటా పక్కనే కూర్చున్న మనిషి. పెట్టె చేతిలోకి తీసుకోగానే ఇంత అని చెప్పేస్తుంది, తర్వాత కాటా ఔనంటుంది. అందుకే అందరూ ఆమెను కాటా అక్క అంటారు. అంత గొప్ప చెయ్యి కొడుకు దగ్గర మాత్రం పనికి రావడం లేదు. వాణ్ణి ఆమె ఎత్తుకుని పది నెలలైంది.

ఆ మంగళవారం కాటా నలభై ఎనిమిది కిలోల రెండు వందలు చూపించింది.

వాడికి మూడేళ్ళు నిండటానికి ఇంకా ఐదు రోజులున్నాయి. చూడ్డానికి ఆ వయసు పిల్లల్లాగే ఉంటాడు, నిజం చెప్పాలంటే కాస్త బక్కగానే ఉంటాడు. పుట్టినప్పుడు కిలోన్నర. "గుప్పెడు ఉన్నాడమ్మా" అంది నర్సు. ఆ మాటే పేరై కూర్చుంది. గాజుపెట్టెలో పెట్టారు, గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు. అప్పుడు వాడి నానమ్మ ఆ పెట్టె కంతలోంచి చెయ్యి పెట్టి, వాడి తల మీద ఆనించి, "చల్లగా ఉండు నాన్నా" అంది. కిందనున్న చిన్న కాటా మీద అంకె వంద గ్రాములు పైకి జరిగింది. మర్నాడు ఇంకో వంద. పన్నెండో రోజుకి వాణ్ణి ఇంటికి పంపించేశారు.

ఆ ఇంట్లో దీవెనలకి బరువుంటుందని వీధిలో అందరికీ తెలుసు. పెద్ద విశేషమేమీ కాదు, కొన్ని ఇళ్ళల్లో అందరూ ఎడమచేతి వాటం అయినట్టు. ప్రాణం నిలబెట్టిన దీవెన కదా, ఇంక ఎవరూ ఆపలేదు. మామగారు ఊళ్ళోని ప్రార్థన మందిరానికి పెద్ద. ఇంట్లో పొద్దునా సాయంత్రం ప్రార్థన ఉంటుంది, అది అయ్యాక ఎంతమంది ఉంటే అంతమందీ గుప్పెడు తల మీద చెయ్యి పెట్టి వెళ్తారు. ఎవరి దీవెన ఎంత తూగుతుందో కాటా అక్కకి కంఠతా వచ్చు. మామగారిది ఐదు గ్రాములు. అత్తగారిది పూటకి పన్నెండుకి ఎప్పుడూ తగ్గదు. ఒకసారి పక్క ఊరి నుంచి ఒక ఉపన్యాసాల పెద్దమనిషి వచ్చి, కళ్ళు మూసుకుని పావుగంట దీవించి, భోంచేసి వెళ్ళాడు. మర్నాడు చూస్తే కాటా ఒక్క గ్రాము కదల్లేదు. ఆ రోజు ఆమె ఆఫీసులో ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

నవ్వుకునే రోజులు అయిపోయాయి. మంచం కోడు విరిగింది, పరుపు నేల మీదికొచ్చింది. మూడు చక్రాల సైకిలు మొదటి రోజే ముక్కలైంది. ఆఫీసుకి వాణ్ణి పార్సిళ్ళు తోసే బండి మీద తోసుకొస్తుంది. తోటిపిల్లలు వీధిలో గంతులేస్తుంటే వాడు గడప దగ్గర నిలబడి చూస్తాడు, ముసలాడిలా ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తాడు. పడుకునే ముందు రెండు చేతులూ చాపి "ఎత్తుకో" అంటాడు. ఆమె కింద కూర్చుని కావలించుకుంటుంది. వాడికి అది చాలదు. తనకీ చాలదు. కడుపున మోసిన బిడ్డని చంకన మోయలేకపోవడం ఎంత నరకమో ఎవరికి చెప్పుకుంటుంది?

ఎముకల డాక్టరు వాడి మోకాళ్ళు నొక్కి చూశాడు. "యాభై దాటితే ఈ కాళ్ళు ఆగవు. ఒకసారి వంగాయంటే మళ్ళీ తిన్నగా రావు. దీవెనలు తగ్గించండి" అన్నాడు, తీపి తగ్గించమన్నంత తేలిగ్గా.

తగ్గించడం ఎలా? ఆదివారం వాడి మూడో పుట్టినరోజు. వాడు బతికినందుకు దేవుడికి కృతజ్ఞతగా ఇంట్లో పెద్ద ప్రార్థన పెట్టుకున్నారు. అరవై మందిని పిలిచారు. అలాంటి రోజున దీవించేవాళ్ళు మొక్కుబడిగా దీవించరు, మనసారా దీవిస్తారు. ఎంత తక్కువ చూసుకున్నా మనిషికి నలభై గ్రాములు. కాటా అక్కకి ఈ లెక్క కట్టడానికి కాగితం అక్కర్లేదు.

వద్దనడానికి నోరు పెగలాలి కదా. తిట్టొద్దనొచ్చు, కొట్టొద్దనొచ్చు. పిల్లాణ్ణి దీవించొద్దు అనే కోడల్ని ఏ ఇంట్లో చూశాం? ముందు భర్తకి చెప్పింది. అతను రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతాడు, మంచివాడే, తండ్రి ముందు మాత్రం నోట్లో నాలుక ఉండదు. చూద్దాంలే అన్నాడు. ఆ చూద్దాంలేతో రెండు నెలలు గడిచాయి. చివరికి ఆ మంగళవారం సాయంత్రం తనే మామగారి ముందు నిలబడి, డాక్టరు చెప్పిన మాట చెప్పింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "వాడు బతికిందే దీవెనలతోనమ్మా," అన్నాడు. "మోకాళ్ళు నొప్పెడుతున్నాయంటే ఇంకా కావాలనే కదా?"

అని ఊరుకోలేదు. మోకాళ్ళ కోసం ప్రత్యేకంగా మర్నాడే ప్రార్థన పెట్టించి, ఎనిమిది మంది పెద్దల్ని పిలిపించాడు. వాళ్ళు పాపం ఎంతో దయగా వాడి తల మీదా మోకాళ్ళ మీదా చేతులు పెట్టి వెళ్ళారు. గురువారం కాటా నలభై ఎనిమిది కిలోల ఎనిమిది వందలు చూపించింది.

అత్తగారైతే ఆ మాట విన్న దగ్గర్నుంచి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆవిడకీ ఒంట్లో బాగాలేదు. జబ్బు ఏదీ లేదంటారు, రక్తం బాగానే ఉందంటారు, మనిషి మాత్రం తరిగిపోతోంది. పెళ్ళినాటి ఉంగరం జారిపోతుంటే దానికి దారం చుట్టి పెట్టుకుంది. ఆ దారం వారం వారం లావవుతోంది. వానలు మొదలయ్యేదాకా ఉంటే గొప్పేనని డాక్టరు ఆవిడ కొడుకు చెవిలో చెప్పాడు. కిందటి వారం మెట్లు దిగుతుంటే కాటా అక్క ఆవిణ్ణి రెండు చేతులా పట్టుకుంది. ముప్ఫై రెండు కిలోలు అని చెప్పాయి చేతులు. చేతులే తప్పు చెప్తున్నాయేమో అనుకుంది.

"వాడికి నేనేమైనా శాపాలు పెట్టానా?" అంది అత్తగారు. "నేనింక ఎన్నాళ్ళో ఉండను. ఆదివారం నా దగ్గరున్నదంతా వాడికిచ్చేస్తాను. తర్వాత నీ ఇష్టం."

కోడలికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శుక్రవారం పొద్దున్న గుప్పెడు కాటా మీద నిలబడి ఉండగా వాడి బూటు తాడు ఊడింది. పార్సిళ్ళకి లేబుళ్ళు అంటించే తాత వంగి ముడి వేస్తున్నాడు. ఆయన నున్నటి బట్టతల పిల్లాడి పొట్ట ముందుకొచ్చింది. వాడు దాని మీద అరచెయ్యి పెట్టి, చాలా గంభీరంగా, "తల్లగా ఉందు" అన్నాడు.

ఆమె చటుక్కున ఆ చెయ్యి లాగేసి, తాతని క్షమించమంది. అది ఆ ఇంటి కట్టుబాటు. పెద్దల చెయ్యి పిల్లల తల మీద ఉండాలి గానీ, పిల్లల చెయ్యి పెద్దల తల మీదికి పోకూడదు, అంత అమర్యాద ఇంకోటి లేదు. వాడికి మాటలొచ్చిన దగ్గర్నుంచీ, నానమ్మ దీవించడానికి వంగినప్పుడల్లా వాడూ చెయ్యెత్తేవాడు. పిల్లలు చూసిందే కదా చేస్తారు. పూట పూటా ఆ చెయ్యి కిందికి లాగడం తల్లి పని. ఆ పని ఆమె ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

క్షమాపణ అయ్యాక కాటా వైపు చూసింది. నలభై ఎనిమిది కిలోల మూడు వందలు. అరకిలో తగ్గింది.

తాతని కాటా ఎక్కమంది. ఆయన ప్రతి సోమవారం బరువు చూసుకునే మనిషి, యాభై నాలుగు దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయాడు. ఇప్పుడు యాభై నాలుగున్నర. నడుము నొప్పి కూడా తగ్గినట్టుందే అన్నాడు తాత, కాటా దిగుతూ.

కాటా అక్క స్టూలు మీద కూలబడింది. బరువు ఎక్కడి నుంచో ఊడిపడదు. ఒకచోట పెరిగిందంటే ఇంకోచోట తరిగినట్టే. పదకొండేళ్ళుగా కాటా దగ్గర కూర్చుని కూడా ఇంత చిన్న సంగతి తోచలేదేమా అని తలకొట్టుకుంది. మిగతావాళ్ళు ఎప్పుడో ఓసారి ఇస్తారు, తిని పుంజుకుంటారు. అత్తగారు మూడేళ్ళుగా రెండు పూటలా ఇస్తూనే ఉంది. చేతులు తప్పు చెప్పలేదు. ఆదివారం ఆవిడ ఉన్నదంతా ఇచ్చేస్తే, ఆవిడా మిగలదు, వాడి కాళ్ళూ మిగలవు.

ఇంటికి రాగానే వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, "నన్ను దీవించు నాన్నా" అంది. వాడు "వద్దు" అన్నాడు. బతిమాలితే వద్దు, బిస్కెట్ ఇస్తే బిస్కెట్ తిని వద్దు. మూడేళ్ళవాడు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. శనివారం అంతా అదే తంతు. చెయ్యైతే పెట్టాడు, ఆమె తల మీదా, బకెట్టు మీదా, వాళ్ళ నాన్న చెప్పుల మీదా కూడా. మాట మాత్రం రాలేదు, బరువూ కదల్లేదు. అడిగితే వచ్చేది దీవెన కాదని ఆమెకి అర్థమైంది. అత్తగారేమో ఆదివారం కోసం ఓపిక దాచుకుంటూ ఆ రెండు రోజులూ ప్రార్థనకి లేవలేదు. భర్తకి అంతా చెప్పింది. అతను నమ్మాడు. "కానీ నాన్న ముందు వాడు అమ్మ తల మీద చెయ్యి పెడితే..." అని ఆగిపోయి, వ్యాను తుడవడానికి వెళ్ళిపోయాడు.

ఆదివారం పది గంటలకే ఇల్లు నిండింది. చెప్పులు మెట్లు దాటి వీధిలోకి వచ్చాయి. ప్రార్థన గదిలో చాప పరిచి గుప్పెణ్ణి దాని మీద నిలబెట్టారు. వెనక తల్లి కూర్చుంది, ఆచారం ప్రకారం వాడి చేతులు రెండూ కిందికి పట్టుకుని ఉండటానికి. ప్రార్థన అయింది. మామగారు లేచి, వాడు బతికిన కథ అందరికీ చెప్పాడు. తర్వాత వరస మొదలైంది.

ఒక్కొక్కరే వచ్చి వంగి చెయ్యి పెడుతున్నారు. ఒక్కరిలోనూ కపటం లేదు. అదే ఆమె భయం. పదో మనిషికి నలభై ఎనిమిది కిలోల ఏడు వందలు. ఇరవయ్యో మనిషికి వాడి మడమలు చాపలోకి దిగాయి. ముప్ఫై దాటాక మోకాళ్ళు వణకడం మొదలైంది, ఆ వణుకు ఆమె చేతుల్లోకి తెలుస్తోంది. వాడు ఏడవలేదు. తల వెనక్కి తిప్పి, "అమ్మా, ఎత్తుకో" అన్నాడు. ముందు వరసలో వాళ్ళు ముద్దుగా నవ్వారు.

నలభయ్యో మనిషి చెయ్యి తీశాక వాడి మోకాలు చిన్నగా కిర్రుమంది. అది తల్లికి తప్ప ఎవరికీ వినపడలేదు. యాభైకి ఇంక వంద గ్రాములుంది, అంతే.

అప్పుడే మామగారు వరస ఆపాడు. అత్తగారు ఎక్కువసేపు నిలబడలేకపోతోందని, ముందు ఆవిణ్ణి రానివ్వమన్నాడు. ఆవిడ గోడ పట్టుకుని వచ్చింది. వాడి ముందు మెల్లగా వంగింది. ఉంగరం జారకుండా బొటనవేలితో నొక్కిపెట్టి, చెయ్యి పైకెత్తింది. ఆ చేతిలో ఏముందో కాటా అక్కకి తెలుసు.

గుప్పెడు నానమ్మ ముఖంలోకి చూశాడు. తల్లి పట్టులోంచి ఒక చెయ్యి విడిపించుకుని, అలవాటుగా పైకెత్తాడు.

తల్లి చెయ్యి కూడా అలవాటుగానే వెళ్ళి ఆ చిన్ని మణికట్టు పట్టుకుంది. గది అంతా చూస్తోంది. "అమ్మాయ్, వాడి చెయ్యి" అన్నాడు మామగారు, లాగమన్నట్టు.

ఆమె ఈ ఇంట్లో తనకున్న మంచిపేరంతా ఈ ఒక్క క్షణంతో సరి అనుకుంది. పోతే పోనీ అనుకుంది. రెండో చేత్తో అత్తగారి చెయ్యి గాల్లోనే ఆపింది.

"అత్తయ్యా, మీది తర్వాత," అంది. "ముందు వాడేదో ఇస్తానంటున్నాడు. తీసుకోండి."

మణికట్టు వదిలేసింది. ఎవరో అయ్యో అన్నారు. మామగారు ఒక అడుగు ముందుకేశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె భర్త తండ్రికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

గుప్పెడు వేళ్ళు విప్పి నానమ్మ నెరిసిన జుట్టు మీద అరచెయ్యి ఆనించాడు. ఎవరూ అడగలేదు, బిస్కెట్ చూపించలేదు. రెండు పూటలా విన్న మాటని విన్నట్టే, అంతే మెత్తగా అన్నాడు.

"తల్లగా ఉందు నామ్మా."

అత్తగారి కాళ్ళ కింద చాప కొంచెం అణిగింది. వంగిన నడుము నిదానంగా లేచింది. ఆవిడ వేలికి చుట్టిన దారం బిగిసి, బిగిసి, పుటుక్కున తెగి కింద పడింది. ఉంగరం ఉన్నచోటే ఉండిపోయింది. ఆవిడ దాన్ని తిప్పి చూసుకుంది. ఆకలేస్తోందని, కాస్త తినడానికి ఏమైనా పెట్టమని అంది. మూడేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

గుప్పెడు కాసేపు తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత చాప మీద ఒక గెంతు గెంతాడు. ఎలా ఉందో చూద్దామని ఇంకోటి గెంతాడు. వెనక్కి తిరిగి చేతులు చాపాడు.

తల్లి వాణ్ణి ఎత్తింది. మొదట నడుము పట్టేసింది, తర్వాత వాడు చంకలో కుదురుకున్నాడు. ఇరవై రెండు కిలోలు. నానమ్మవి నానమ్మకి పోగా, మిగతా అందరివీ వాడి దగ్గరే ఉన్నాయి. బరువే, కానీ తల్లి మోయగలిగిన బరువే. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది.

ఇంకా ఇరవై మంది వరసలో నిలబడే ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక అందరూ మామగారి వైపు చూశారు. ఆయన కింద పడిన దారం ముక్క తీసుకుని, అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత కోడలి దగ్గరికొచ్చి, మనవడికి అందేలా తల వంచాడు.

వాడు ఆయన్ని చూసి, "వద్దు" అన్నాడు.

"సరే నాన్నా," అన్నాడు ఆయన తల వంచుకునే. "నీకు ఇవ్వాలనిపించినప్పుడే ఇవ్వు."

సోమవారం కాటా అక్క ఆఫీసుకి కొడుకుని చంకనేసుకుని నడిచి వచ్చింది. దుమ్ము తుడిచింది, సున్నా చూసుకుంది. వాణ్ణి మాత్రం కాటా మీద నిలబెట్టలేదు.