పరీక్షించని సీసా

భవ్యశ్రీ కరీంనగర్‌లోని ఒక కాలేజీలో అడవి ఆముదం నూనె మీద పరిశోధన చేస్తోంది. ఆ నూనెలోని విషం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. గాజు గొట్టంలో సిలికా పొడి నింపి, నూనె పోసి, పైనుంచి ద్రావకం వదిలితే ముందు నూనె దిగుతుంది, విషం వెనకబడుతుంది. విషం ఎక్కడ మొదలైందో తెలియాలంటే కింద పట్టిన ప్రతి సీసాలోంచీ చుక్క తీసి పరీక్షించాలి.

గింజలు ఏరి పంపే బాలవ్వ ఒకసారి తనే బస్తాతో చెన్నూరు నుంచి వచ్చింది. తేటగా ఉన్న నూనెను చూసి ముచ్చటపడింది.

"మోకాళ్లకు రాసుకోవచ్చా బిడ్డా?"

"విషమంతా తీసేసిన పెద్దమ్మా. ఫికర్ లేదు."

భవ్యశ్రీ, ద్రావకం ఆవిరి చేసిన చివరి సీసా ఆమె చేతికిచ్చింది. దాన్ని ఇంకా పరీక్షించలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది.

మూడో రోజు ఆ సీసాలోంచి ముందే తీసి ఉంచిన చుక్కను పరీక్షిస్తే, యూవీ దీపం కింద విషం ఉన్నట్టు నల్లటి మచ్చ కనిపించింది. వెంటనే ఫోన్ చేసింది. బాలవ్వ కోడలు కిష్టవ్వ ఎత్తింది. "మోకాళ్లు పొంగి బొబ్బలైనయ్. నడవస్తలే."

భవ్యశ్రీ మొదటి బస్సుకే చెన్నూరు పోయింది. మంచం మీది బాలవ్వ ఇరుగుపొరుగుతో అంటోంది: "నూనెది తప్పు కాదు, నేనే జర ఎక్కువ రాసుకున్న. బిడ్డ సదువుకున్నది, ఎట్ల తప్పు చేస్తది?"

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కిష్టవ్వ ఇచ్చిన నీళ్లు తాగుతూ భవ్యశ్రీ కాసేపు ఊరుకుంది కూడా. తర్వాత చెంబు కిష్టవ్వ చేతికి తిరిగిచ్చింది.

"తప్పు నాదే పెద్దమ్మా. పరీక్ష చెయ్యకుండనే ఇచ్చిన."

కిష్టవ్వ చెంబు ఠక్కున కింద పెట్టింది. "గా పరీక్ష మా అత్త మీద చేసినవా?"

భవ్యశ్రీ ఆటో పిలిచి బాలవ్వను ఆసుపత్రికి తీసుకుపోయింది. దిగేటప్పుడు చెయ్యి అందిస్తే, బాలవ్వ "నేను దిగుత మేడం" అంది.

మర్నాడు తన గైడు పద్మలతకు అంతా చెప్పింది. ఆమె ల్యాబు తాళం చెవి అడిగి తీసుకుంది.

పుండ్లు మానడానికి మూడు వారాలు పట్టింది. భవ్యశ్రీ ప్రతి ఆదివారం చెన్నూరు పోయి కట్టు కట్టించింది. బాలవ్వ నడిచింది, పలకరించింది, చాయ్ కూడా పోసింది. బిడ్డా అని మాత్రం మళ్లీ పిలవలేదు.