డ్రిల్లు మాస్టారి అంటుజబ్బు

వీధిలో అందరూ ఆయన్ని డ్రిల్లు మాస్టారనే పిలుస్తారు. బడి నుంచి రిటైరై ఏళ్లు గడిచినా మెడలోంచి ఈల మాత్రం దిగలేదు. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక డాక్టరు మెదడు జబ్బని తేల్చాడు. ఆ జబ్బు మీదే ల్యాబులో పనిచేస్తున్న కూతురికి ఇంతకంటే గుండెకోత ఏముంటుంది?

ఒకరోజు భోజనాల దగ్గర ఆయనే అడిగాడు. "అసలిది మొదలెలా అవుతుందే?"

అడగడమే ఆలస్యం, కూతురు కంచం పక్కకి నెట్టేసింది. "ప్రతి ప్రొటీనూ ఒక తీరుగా మడతపడాలి నాన్నా. ఎప్పుడో ఒకటి వంకరపోతుంది. మామూలుగా అయితే కణమే దాన్ని సరిచేస్తుంది, కుదరకపోతే తీసిపారేస్తుంది. వయసు మీదపడ్డాక ఆ పని సరిగ్గా సాగదు. వంకరవి నాలుగు జట్టుకట్టాయంటే, ఇక తగిలినదాన్నల్లా తమలాగే వంకర చేసేస్తాయి."

"వరుసలో ఒకడు అడుగు తప్పితే పక్కవాడూ తప్పినట్టు," అన్నాడాయన. తండ్రికి అంత చక్కగా చెప్పగలిగానని ఆమె మురిసిపోయింది. చదువుకున్నవాళ్ల మురిపెం అలాగే ఉంటుంది, ఎదుటివాడి ముఖం చూడదు.

మర్నాటి నుంచి ఆయన తన గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. మనవరాలు చేతులు చాచి వస్తే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పాపను జారవిడుస్తానని భయమేమో అనుకుంది కూతురు. పాప మాత్రం తాత గది గుమ్మంలో కూర్చుని ఏడుపు లంకించుకునేది. చివరికి ఒక ఆదివారం పొద్దున కూతురు నిలదీసింది.

"చంటిదాన్ని అలా తరిమేస్తావేంటి నాన్నా?"

"నువ్వేగా చెప్పావు, తగిలినదాన్నల్లా వంకర చేస్తుందని. నాతోనే పోనీ. దానికెందుకు?"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి. "అదంతా నీ తల లోపలే నాన్నా! ఒక ప్రొటీను పక్క ప్రొటీనుకి తగలడం. ఎత్తుకుంటేనో, ముద్దు పెడితేనో నీ జబ్బు ఎవరికీ అంటుకోదు."

"ఒట్టు? నన్ను ఊరడించడానికి కాదుగా?"

"మొదటిది ఎందుకు వంకరపోతుందో నాకే పూర్తిగా తెలీదు. ఇది మాత్రం తెలుసు."

"ఆ ముక్కేదో ఆ రోజే ఏడిస్తే పోయేదిగా!" అని కసిరి, ఆయన పాపను ఒళ్లోకి లాక్కుని బుగ్గలు ముద్దులతో నింపేశాడు.

చూస్తూ నిలబడ్డ కూతురికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ నాన్న తననూ ముట్టుకోలేదు. మందులు చేతికివ్వబోతే బల్లమీద పెట్టమన్నాడు. తను గమనించనే లేదు.

మాస్టారు తలెత్తి చూశాడు. "నువ్వేంటి, అక్కడే అటెన్షన్‌లో నిలబడ్డావు? ఇలా రా."

ఆమె వెళ్లి కుర్చీ పక్కన కింద కూర్చుంది. ఆయన వణికే చేతిని ఆమె తల మీద పెట్టి, చాలాసేపు తియ్యలేదు.