ఉగ్గుగిన్నెలో గాడిద పాలు

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి, ఆటోలు ఆగాయి. గాడిదను ఆపేవాడు మాత్రం లేడు. అది తీరిగ్గా చంపాపేట్‌లోని మా గల్లీలోకి వచ్చింది, వెనకే పాలమ్మే మట్టయ్య కేకేసుకుంటూ. మా అత్త కిష్టమ్మ ఉగ్గుగిన్నె పట్టుకుని పరుగెత్తింది.

నా కూతురు ఇంకా పసిగుడ్డు. గాడిద పాలు పడితే దమ్ము, దగ్గు రావని మా బస్తీలో అందరి నమ్మకం. మా ఆయన ధనరాజ్ కూడా అవి తాగి పెరిగినవాడే. ఆ పొద్దున ఆయన ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకోకు వెళ్లాడు.

అత్తకు తెలియనిది ఒకటుంది. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో నాకు హెచ్‌ఐవీ ఉందని తేలింది. ధనరాజ్‌కూ ఉంది. కడుపు తీయించుకోమని దవాఖానలో సలహా ఇచ్చినవాళ్లకు కొదవ లేదు. నేను వినలేదు. మందులు వేళకు మింగి కన్నాను. ఆరు నెలలు నా పాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని, వేరే పాలు కలిస్తే జబ్బు అంటుకునే ప్రమాదం పెరుగుతుందని దవాఖానలో కౌన్సిలర్ చెప్పింది. ఇన్ని తిప్పలు పడి కన్న బిడ్డను గిన్నెడు పాలకు వదులుకుంటానా?

"జర పిల్లనియ్యి వర్షా. వేడి మీదనే పట్టాలె," అంది అత్త.

"వద్దత్తమ్మా. నా పాలు తప్ప ఏం పట్టొద్దన్నరు దవాఖానల."

"ఆల్లకేం ఎరుక? నీ మొగడు తాగలేదా? ఏమైంది ఆనికి?"

ఏమైందో నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె గిన్నె పిల్ల నోటి దగ్గరికి తెచ్చింది. చెయ్యి అడ్డం పెట్టాను. పాలు నా చీర మీద ఒలికాయి.

"ఏందే గీ మొండితనం!"

తలుపు వేసి చెప్పేశాను. "నాకు హెచ్‌ఐవీ ఉన్నది. నీ కొడుక్కు గూడ ఉన్నది. పిల్లకు రాకుండ చూస్తున్న. గా పాలు పడ్తే నా కష్టమంత మట్టిల కలుస్తది."

"ఎయిడ్సా?" అత్త గోడకు ఆనుకుని కూలబడింది. "ఎవల నుంచి ఎవలికి..." అంటూ ఆగింది.

"గది అడగకు. పిల్లను కాపాడనిస్తవా లేదా, గది చెప్పు."

ఆమె కళ్లు తుడుచుకుని, గిన్నె కడిగి బోర్లించింది.

సాయంత్రం పక్క వాటాలో ఉండే కోస్తా ఆవిడ సూర్యప్రభగారు తేనె సీసాతో వచ్చారు. "ఒక్క చుక్క నాలిక్కి రాయండి పిన్నిగారూ, మాటలు బాగా వస్తాయి."

అత్త గడపలో అడ్డంగా కూర్చుంది. "తేనె లేదు, నీళ్లు లేవు. తల్లిపాలే. గిదే మా ఇంటి రివాజు."

నాకు గుండె నిండిపోయింది. కానీ నేను పెట్టిన చాయ్ ఆమె ముట్టలేదు. చల్లారిన కప్పు పారబోస్తుంటే ఏడుపొచ్చింది. తెల్లారి మళ్లీ ఆమెకూ నాకూ చాయ్ పెట్టాను.