నేను ఆగని చోటు

బుధవారం పొద్దున పాత వాటర్ ట్యాంకు కూల్చేస్తామని పంచాయతీవాళ్లు చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. దాని పెచ్చులూడి జనం మీద పడుతున్నాయి, కూల్చాల్సిందే, కాదనను. కానీ మా నాన్న ఆదెయ్య నాకిచ్చి పోయిన ఒక్క ఆస్తి ఆ ట్యాంకును నమ్ముకుని ఉంది.

ఆస్తంటే పొలం కాదు. మైపాడు ఒడ్డు నుంచి ఇంజన్ పడవ మీద గంట దూరంలో, సముద్రం అడుగున చిన్న రాళ్లగుట్ట. మా పెరడంత ఉంటుందేమో. చుట్టూ బురద, అక్కడ మాత్రమే రాయి. ఊరందరి వలలూ ఖాళీగా వచ్చే రోజుల్లోనూ అక్కడ గాలం వేస్తే వంజరం పడుతుంది. మా ఇల్లు గడిచింది దానివల్లే. ఆ చోటికి రెండు గురుతులు. ఒడ్డువైపు చూస్తే ట్యాంకు వెనక రైసుమిల్లు పొగగొట్టం దాక్కోవాలి. ఉత్తరాన చర్చి శిలువ పొడుగు తాటిచెట్టుకు ఆనుకోవాలి. రెండూ ఒకేసారి కుదిరితే కింద రాయి ఉన్నట్టే. నాన్న నాకు చెప్పాడు, నేను ఇంకెవరికీ చెప్పలేదు. పెళ్లాం కామమ్మకు కూడా.

ఎవరి ఫోనయినా అడిగి చోటు గుర్తు పెట్టుకోరాదా అంది కామమ్మ. నాది బటన్ ఫోను. ఊళ్లోవాడి ఫోను అడిగితే చోటు వాడి జేబులోకే పోతుంది. ఆ మాత్రం తెలీదా అని దానిమీద కసిరాను. కసిరాక గుర్తొచ్చింది, కరోనాలో మా వెన్నెల పాఠాల కోసం కొన్న పాత ట్యాబు. పిల్ల హాస్టలుకు వెళ్లాక అది బియ్యం డబ్బా మీద పడి ఉంది. అద్దం పగిలింది, సిమ్ముకు చోటే లేదు.

దాన్ని పట్టుకుని సోమవారం ఇందుకూరుపేటలో సైదావలి సెల్‌ఫోన్ల దుకాణానికి పరిగెత్తాను. సైదావలి దాన్ని తిరగేసి నవ్వాడు. ఇందులో శాటిలైట్ పట్టే ముక్కే లేదన్నా, బయటినుంచి తగిలించాల అన్నాడు. కొత్తది నా వల్ల కాదన్నాను. పాత ట్రావెల్స్ కారులోంచి పీకిన అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి వెతికి, ట్యాబు వెనక టేపుతో అంటించి, నెట్టు లేకుండా నడిచే మ్యాపు ఎక్కించాడు. తడి వేళ్లకు ఈ పగిలిన అద్దం పలకదు కాబట్టి, పడవ పది నిమిషాలు ఆగిన చోట దానంతటదే ఎర్రచుక్క పెట్టుకునేలా చేశానన్నాడు. ఇంకా ఏదో చెబుతున్నాడు. నా చూపు బస్సు మీద ఉంది. సగమే విన్నాను.

మంగళవారం ట్యాబు వెంట పెట్టుకుని పడవ తీశాను. వెనకే పెంచల్ పడవ. పెంచల్ నా బావమరిది, కామమ్మ తమ్ముడు. పదిహేనేళ్లుగా ఆ చోటు కోసం నా వెనక తిరుగుతున్నాడు. నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఇంకో పడవ కనుచూపు మేరలో ఉంటే రాయి మీద ఆగకూడదు. కాస్త ఎడంగా ఆగి, చేపలు పడుతున్నట్టు గాలం ఆడించాలి. ఆగిన వైపు మళ్లీ వెంటనే ఆగకూడదు. ఆ రోజు దక్షిణం వైపు ఆగాను. వాడు పోతాడేమోనని అరగంట చూశాను. పోడే! సద్దన్నం విప్పి తాపీగా తింటున్నాడు. ఎండ పెరిగి ఒడ్డు మసకబారుతోంది. కాలు కాలిన పిల్లిలా పడవలో అటూ ఇటూ తిరిగాను. చివరికి ఇంజన్ తిప్పి, రెండు గురుతులూ కుదిరిన చోటు మీదుగా మెల్లగా పోనిచ్చాను. ఆగలేదు. ఆగితే వాడికి తెలిసిపోతుంది. పైనున్న శాటిలైట్లకు మాత్రం కనపడదా అనుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే ట్యాబులో ఒక ఎర్రచుక్క. హమ్మయ్య అనుకుని రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. మర్నాడు ట్యాంకు కూలుతుంటే అందరికంటే ముందు నిలబడి చూశాను.

గురువారం ఆ చుక్క మీదికి పోయి తాడుకు కట్టిన సీసం గుండు వదిలాను. రాయి తగిలితే టక్కుమంటుంది. టక్కుమనలేదు. గుండుకు బురద అంటుకుని వచ్చింది. అది నేను పెంచల్‌ను మోసం చేయడానికి ఆగిన చోటు.

సైదావలి దగ్గరికి పోయి ఎగిరాను. "ఆగిన చోటే గుర్తుంటాదని చెప్పినాను గదన్నా. దాటిపోయిన చోటు దానికెట్ట తెలుస్తాది?" అన్నాడు.

చర్చి, తాటిచెట్టు మిగిలాయి కదా అని, ఆ ఒక్క గురుతు పట్టుకుని మూడు రోజులు గుండు వేశాను. పడవ నీటివాలుకు కొట్టుకుపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. బురదే. మూడో రోజు పడవలో కూర్చుని ఏడ్చాను. నాన్న చెయ్యి జారిపోయినట్టుగా ఉంది.

నాలుగో రోజు పెంచల్ పడవ నా పక్కకే వచ్చింది. ఇంకా ఏం కాజేద్దామని వచ్చావురా అని విరుచుకుపడ్డాను. వాడు ఏమీ అనుకోలేదు. ఫోను తీసి నా ముందు పెట్టాడు.

"నా మీద ఎగిరితే ఏమొస్తాది బావా? ఈ ఫోను కొన్నకాడ్నించి నువ్వు ఆగిన చోటల్లా గుర్తు పెట్టినా. నువ్వు పొయినాక ఆడ గాలం ఏసినా. ఒక్క చేప పడలా."

ముప్పైకి పైగా చుక్కలున్నాయి. ఉత్తరాన, దక్షిణాన, తూర్పున, పడమట, అన్నీ నేను ఉత్తుత్తిగా ఆగిన చోట్లే. అన్నిటి నడుమ వేలిగోరంత ఖాళీ. అక్కడ ఒక్క చుక్క లేదు. నాన్న చోటు ఈ లోకంలో మిగిలింది పెంచల్ ఫోనులోని ఆ ఖాళీలోనే. అదేమిటో వాడికి తెలియదు. చెబితే ఇద్దరిదవుతుంది. చెప్పకపోతే ఎవరిదీ కాదు.

చివరికి నా పడవను వాడి పడవకు కట్టి, ట్యాబు చంకన పెట్టుకుని వాడి పడవలోకి దిగాను. ఖాళీ మీద వేలు పెట్టాను.

"ఈడికి పోనీ."

"ఈడ నువ్వు ఎప్పుడూ ఆగలా గదా బావా."

"ఆగలా. అందుకే పోనీమంటున్నా."

వాడు నా మొహంలోకి చూశాడు. ఇంజన్ తిప్పాడు. శిలువ తాటిచెట్టుకు ఆనుకునేదాకా పోనిచ్చి గుండు వదిలాను. ఒకసారి బురద. రెండోసారి బురద. మూడోసారి తాడులోంచి నా అరచేతికి టక్కుమని తగిలింది.

పెంచల్ ఫోను పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. గుర్తు పెట్టుకోనా అని అడగడానికి వాడికి నోరు రావడం లేదు.

"పెట్టుకోరా," అన్నాను. "పది నిమిషాలు కదలమాక. నా దాంట్లో గూడా పడనీ."