పది లెక్కపెట్టేదాకా

“తనకి టీ అలవాటు లేదులెండి,” అన్నాడు భర్త, పక్కింటావిడ పట్టుకొచ్చిన కప్పు ఇంకా భార్య చేతికి అందకముందే.

ఆ టీ ఆమెకు కావాలి. ఆదివారమైనా పొద్దున ఆరింటి నుంచి నిలబడే ఉంది. పక్కింట్లోనైనా ఐదు నిమిషాలు కూర్చుని, ఇంకొకరు పెట్టిన టీ వేడిగా తాగుదామనే ఆశతోనే వచ్చింది. కప్పు వచ్చినదారినే వెనక్కి వెళ్ళిపోయింది. పెళ్ళైన కొత్తలో, కడుపులో తిప్పుతోందని ఒకరింట్లో టీ వద్దంది. అంతే, ఆ ఒక్క ‘వద్దు’ పద్దెనిమిదేళ్ళుగా శిలాశాసనమై కూర్చుంది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె ఆలోచించుకుని నోరు తెరవడానికి పట్టే ఆ రెండు క్షణాలు ఆగలేడు, అంతే. “మా ఆవిడ నోట్లో నాలుక లేని మనిషండీ,” అని నలుగురిలో మురిసిపోతూ చెబుతాడు కూడా. పొద్దున లేస్తే పిల్లల నాలుకలతో కుస్తీ పట్టడమే ఆమె ఉద్యోగమని అప్పుడాయనకి గుర్తుండదు. మౌనం అర్ధాంగీకారమంటారు. మిగతా సగం ఆయనే కలిపేసుకుంటాడు.

ఇంట్లో అత్తగారి కోరికలు కూడా ఆయన నోటి మీదుగానే వచ్చేవి. “అమ్మకి చల్లారిన కూర పడదు.” “అమ్మ టీలో రెండు చెంచాల చక్కెర వెయ్యి, తియ్యగా ఉండాలి.” “నువ్వు ఆలస్యమైతే అమ్మ బెంగపెట్టుకుంటుంది.” ఆ బెంగ తలుచుకుని ఆమె సాయంత్రం బస్సు వెంట పరుగెత్తేది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే స్టవ్ వెలిగించేది. రెండు చెంచాల చక్కెర వేసిన టీ అత్తగారు తలొంచుకుని తాగేవారు.

పిల్లల ఆసుపత్రిలో ఆమె గది మెట్ల కింద ఉంటుంది. మోకాలెత్తు కుర్చీలు రెండు, గోడకి పెద్ద అద్దం, బొమ్మల కార్డుల పెట్టె. మాట సరిగ్గా పలకని పిల్లల్ని పైనుంచి డాక్టర్లు అక్కడికి పంపుతారు. నర్సులు ఆమెను “ఆటల మేడం” అంటారు. ఆటలాడే గదికి తలుపెందుకనేమో, ఎవరో ఒకరు వచ్చి సెలైన్ పెట్టెలు ఓ మూల పడేసి పోతుంటారు.

పిట్ట ఆ గదికి రావడం మొదలుపెట్టి తొమ్మిది వారాలైంది. ఐదేళ్ళ పిల్ల. గుప్పెడంత మనిషి, గంపెడు కబుర్లు. కాకి బొమ్మ చూపిస్తే “తాతి” అనేది, గొడుగుని “దొడుదు” అనేది. నాలుక వెనక భాగం పైకి లేచి పలకాల్సిన అక్షరాలన్నీ, నాలుక కొస ముందుకొచ్చి లాగేసుకునేది. మొదటి రోజు ఆమె పిట్ట చెవులు పరీక్ష చేయించింది, బాగున్నాయి. నాలుక ఎత్తించి, చాపించి, పక్కలకి తిప్పించి చూసింది, అదీ బాగుంది. కోట బొమ్మ, తోట బొమ్మ పక్కపక్కన పెట్టి “కోట ఏదీ?” అంటే తడుముకోకుండా చూపించింది. పిల్లకి తేడా తెలుసు. పలికే దారే తప్పింది.

“మా అత్తగారు నాలుక మందమంటారండీ,” అంది పిట్ట తల్లి ఆ రోజు. “కింద కోయిస్తే సరిపోతుందంటారు. మావారేమో, నువ్వు ఉద్యోగమని దాన్ని గాలికొదిలేశావు, అందుకే ఇలా అయిందంటారు. నిజమేనా మేడం?”

“కోయక్కర్లేదు. మీ తప్పూ కాదు,” అంది ఆమె. ఆ తల్లి అలాగే చూస్తూ ఉండిపోతే, ఆ రెండో మాట మళ్ళీ చెప్పింది.

కానీ తల్లికి ఒక అలవాటుంది. పిట్ట నోరు విప్పడమే ఆలస్యం, తనే చెప్పేసేది. “నీళ్ళు కావాలంటోంది మేడం.” “దానికి ఆ బొమ్మ నచ్చలేదు మేడం.” బడిలో టీచరు పిట్టని వెనక బెంచీలో కూర్చోబెట్టి ప్రశ్నలడగడం మానేసింది. అడిగి నవ్వులపాలు చెయ్యడమెందుకని ఆవిడ జాలి. ఇంటా బయటా ఇంతమంది ప్రేమగా తన బదులు మాట్లాడుతుంటే, పిల్ల మెల్లగా మాట్లాడటమే తగ్గించేసింది. ఆమెకి అన్నిటికంటే భయం వేసింది దానికే. అక్షరం ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. మాట్లాడాలన్న కోరిక పోతే ఏ కార్డుతో తెప్పిస్తుంది?

అందుకే ఆ గదిలో ఒక పద్ధతి పెట్టింది. ఆమె అరచెయ్యి పైకెత్తిందంటే, పిల్ల తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదు. మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలి. తల్లి పాపం, రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళతోనే జవాబులందించేది.

సోమవారం పొద్దున కారిడార్‌లో పెద్ద డాక్టరు ఎదురయ్యాడు.

“మిమ్మల్ని పంపుదామనుకున్నానమ్మా, ఆ శిక్షణకి. మూడు నెలలు వేరే ఊళ్ళో ఉండి, పిల్లల మాట గురించి కొత్తవాళ్ళకి మీరే నేర్పించాలి. శనివారం మీ ఫోనుకి చేస్తే మీవారు ఎత్తారు. మీకు కుదరదటగా, అత్తగారిని చూసుకోవాలట. సరే, ఇంకెవర్నైనా చూస్తాను.”

“అదీ…” అంది ఆమె. ఆయన అప్పటికే మెట్లెక్కేశాడు.

పదకొండేళ్ళుగా ఆ మెట్ల కింద గదిలో తను కూడబెట్టుకున్నదంతా ఎవరికైనా నేర్పాలని ఆమె కోరిక. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెప్పేలోపే జవాబు వెళ్ళిపోయింది. కోపం రావాల్సిన చోట సిగ్గేసింది. ఎదుటివాళ్ళ పిల్లలకి మాటలు నేర్పే మనిషికి తన ఫోనులో తన జవాబు చెప్పుకునే దిక్కు లేదు.

ఆ తడబాటుతోనే పిట్ట ముందు కూర్చుంది. ఇన్ని వారాలూ పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, నీళ్ళు పుక్కిలించమని, నాలుక కొసని చెక్కపుల్లతో మెత్తగా అదిమిపట్టి ‘క్’ శబ్దం ఒక్కటీ తెప్పించింది. ఇవాళ పుల్ల సాయం లేకుండా మొదటి మాట. ఆకు బొమ్మ చూపించి, అరచెయ్యి ఎత్తింది.

పిట్ట అద్దంలో తన నోరు చూసుకుంది. ఒకటి, రెండు. నాలుక కొస ముందుకొచ్చి, వెనక్కి వెళ్ళింది. మూడు, నాలుగు. మనసు కారిడార్‌లోనే ఉండిపోయిందేమో, ఆమె నోటి నుంచి “ఆకు” అని వచ్చేసింది.

తల్లి నోటి మీద నుంచి చేతులు తీసి, ‘మీరేనా మేడం’ అన్నట్టు చూసింది. పిట్ట కుర్చీ దిగింది. వచ్చి, రంగు పెన్సిళ్ళ మరకలున్న చిన్న అరచెయ్యి ఆమె నోటికి అడ్డంగా పెట్టింది.

“నేను చెప్తా తదా!”

పెద్దవాళ్ళంతా కలిసి జాలితో మూసేసిన నోరు, తన మాట తనకి కావాలని దెబ్బలాడుతోంది. ఆమెకి ఆ పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. తలూపి, మళ్ళీ అరచెయ్యి ఎత్తింది. పిట్ట చెయ్యి తీయలేదు, నమ్మకం కుదరక. అలా ఆమె నోరు మూసిపెట్టే, ఏడో లెక్క మీద అంది:

“ఆ… క్కు.”

తల్లి ఏడ్చేసింది. పిట్ట మాత్రం, ఇందులో ఏడవడానికేముందన్నట్టు, ఇంకో కార్డు తీసుకుంది.

మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళింది. “శిక్షణకి నేను వెళ్తానండీ,” అంది.

“మరి మీవారు…”

“ఆయన చెప్పింది ఆయన మాటండీ. నన్నడిగితే నా మాట చెప్తాను.”

ఆయన నవ్వి, “తప్పేనమ్మా, మిమ్మల్నే అడగాల్సింది. వెళ్తారా?” అన్నాడు.

“వెళ్తాను,” అంది. మాట అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

సాయంత్రం అత్తగారు హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఆమె విషయం చెప్పగానే భర్త ఫోను పక్కన పెట్టాడు. ఆయన ముఖంలో కోపం కన్నా కంగారే ఎక్కువ.

“నీకు మొహమాటం కదా, కాదనలేవని నేనే చెప్పాను. నీ మంచికే. నువ్వు లేకపోతే అమ్మకి గడుస్తుందా?”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మరి అమ్మని అడిగేదెవరు? పద్దెనిమిదేళ్ళలో చల్లారిన కూర సంగతి, చక్కెర సంగతి, బెంగ సంగతి, ఒక్కటీ తను అత్తగారి నోట వినలేదని ఆమెకి అప్పుడు తట్టింది. తనూ ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

వెళ్ళి ఆవిడ ముందు కింద కూర్చుంది, పిల్లల ముందు కూర్చున్నట్టే, కళ్ళు ఒకే ఎత్తులో ఉండేలా.

“అత్తయ్యా, వెళ్ళమంటారా అని అడగట్లేదు. వెళ్తున్నాను. ఆ మూడు నెలలూ మీకెలా ఉంటే బావుంటుందో చెప్పండి.”

“అమ్మకి…” అన్నాడు భర్త.

ఆమె అరచెయ్యి పైకెత్తింది. ఆయన అదేమిటో తెలియక, తెలియకపోవడం వల్లనే, ఆగిపోయాడు.

ఒకటి, రెండు, మూడు. అత్తగారు కొడుకు వైపు చూశారు. ఐదు, ఆరు. చేతిలో చిక్కుడుకాయ వైపు చూశారు. పదీ అయిపోయాయి. ఆమె చెయ్యి దించలేదు. ఎన్నాళ్ళుగానో ఎవరూ అడగనివాళ్ళకి పది చాలవని ఆమెకి తెలుసు. పదిహేడో లెక్క మీద ఆవిడ గొంతు సవరించుకున్నారు.

“నా వంట నేను చేసుకుంటానమ్మాయ్. నా చేతి కూర నేను తిని ఎన్నేళ్ళైందో,” అన్నారు. కాసేపాగి, “టీలో చక్కెర వద్దు. నాకెప్పుడూ తీపి పడలేదు,” అన్నారు.

“అదేంటమ్మా, నీకు తియ్యగా…”

చిక్కుడుకాయ పట్టుకున్న చేత్తోనే ఆవిడ అరచెయ్యి ఎత్తారు.

“ఆగు నాన్నా. నేను చెప్తున్నా కదా.”

ఆమె మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.