కింది వాటా డాక్టరమ్మ

కెజియా జ్వరాలకూ షుగరుకూ గుండెకూ వైద్యం చేసే డాక్టరు. ఆ నిజం ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఫిలింనగర్‌లో ఏ ఓనరూ ఆమె క్లినిక్‌కి చోటివ్వలేదు. చివరికి బ్రోకరు విసిగిపోయాడు.

"మేడమ్, జర నా మాటినుండ్రి. చర్మం డాక్టరని చెప్పుండ్రి. గీడ చర్మం డాక్టరంటే నెత్తిన పెట్టుకుంటరు."

అచ్యుతరామయ్యగారి ఇంట్లో కింది వాటా అలా దొరికింది. ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఆ ఇల్లు అచ్చొస్తుందని పేరు. ఇప్పటికీ కొత్త సినిమాలకు ఆ వాకిట్లోనే కొబ్బరికాయ కొట్టి తొలి షాటు తీస్తారు.

"మొటిమలూ మచ్చలూ అయితే నాకేం అభ్యంతరం లేదమ్మా. గుమ్మంలో దగ్గు వినపడిందా, నిర్మాత కారు దిగకుండానే వెనక్కి తిరుగుతాడు," అన్నారాయన. కెజియా తలూపింది. అంతే, అబద్ధానికి గృహప్రవేశం అయిపోయింది.

ఇక చూడాలి ఆమె పాట్లు! బోర్డు మీద పేరొక్కటే రాయించింది. ఈసీజీ మిషన్ని తెర వెనక దాచింది. బోరబండ నుంచి జ్వరాలతో వచ్చేవాళ్ళని పక్కసందులోంచి రమ్మనేది, లోపలికొచ్చేదాకా దగ్గొద్దని బతిమాలేది. దగ్గేమైనా మన చెప్పుచేతల్లో ఉంటుందా? రామయ్యగారు పైనుంచి తొంగిచూస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

రామయ్యగారి భార్య బాలాత్రిపురసుందరికి కెజియా అంటే ప్రాణం. బుగ్గల మీది మంగుమచ్చలు చూపించుకునే వంకతో పెసరట్టు పట్టుకుని దిగేది. "నీ క్రీము పుణ్యమా అని మీ అంకుల్ నా మొహం మళ్ళీ చూస్తున్నారే," అని నవ్వేది. ఆ పెసరట్టు కెజియాకు గొంతు దిగేది కాదు. ఈ పూట చెప్పేద్దామనుకునేది. క్లినిక్ పోతుందన్న భయంతో మాట మింగేసేది.

ఒక శనివారం ఆవిడ ఉత్త చేతులతో దిగింది. దిగినందుకే ఆయాసపడుతోంది.

"నిన్నట్నించీ దవడ లాగుతోందే. ఊరికే చెమటలు. గ్యాసంటారు మీ అంకుల్. నీకు చెప్పి ఏం లాభంలే, నువ్వు చర్మం చూసేదానివి."

కెజియా చెయ్యి దానంతటదే ఆవిడ నాడి మీదికి పోయింది. నాడి తప్పుతోంది. తెర లాగితే మిషను అక్కడే ఉంది. కానీ వాకిట్లో మర్నాటి ముహూర్తానికి షామియానా కడుతున్నారు. రామయ్యగారి గొంతు దగ్గర్లోనే వినపడుతోంది.

"ఎవరైనా ఫిజీషియన్‌కి చూపించుకోండి ఆంటీ. ఇవాళే వెళ్ళండి," అంది.

ఆవిడ ఆమె మొహంకేసి ఓ క్షణం చూసి, సరేనని మెట్లెక్కింది. చెప్పాల్సింది చెప్పానుగా అని కెజియా తనకు తాను సర్దిచెప్పుకుంది.

మర్నాడు ఆదివారం. కెజియా చర్చిలో ఉండగా, ఇక్కడ కొబ్బరికాయ కొట్టాక హారతి పళ్ళెంతో వచ్చిన త్రిపురసుందరి వాకిట్లోనే కూలిపోయింది. ఆసుపత్రిలో ప్రాణమైతే నిలబెట్టారు. గుండె మాత్రం బాగా దెబ్బతింది, ఇక మెట్లు ఎక్కడం దిగడం కుదరదన్నారు.

ఆవిడ ఇంటికొచ్చాక కెజియా పైకి వెళ్ళింది. రామయ్యగారు కుర్చీ జరిపారు. ఆయన కళ్ళు గుంటలు పడ్డాయి.

"తప్పు నాదేనమ్మా. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ముహూర్తం అయ్యాక చూద్దామన్నాను. మొగుణ్ణయి ఉండి దీని ప్రాణం మీదికి తెచ్చాను."

తన పాపాన్ని ఆ పెద్దాయన మోస్తుంటే కెజియా కూర్చోలేకపోయింది.

"నేను చర్మం డాక్టర్ని కాదండీ. గుండె జబ్బులూ చూస్తాను. చోటివ్వరని అబద్ధం చెప్పాను. ఖాళీ చేసేస్తాను."

రామయ్యగారు కోప్పడలేదు.

"గుండె పరీక్ష చేసే మిషనూ అదీ..."

"కిందే ఉందండీ. ఆ రోజూ ఉంది."

"అయితే మెట్లు దిగితే సరిపోయేదన్నమాట," అన్నారాయన తనలో తనే.

మంచం మీంచి త్రిపురసుందరి కెజియాకేసే చూస్తూ నెమ్మదిగా అంది.

"దిగానుగా."