నాలుగు గంటల దారి

అక్కడి నుంచి కాదు మనవరాలా, మొదటి నుంచి రాసుకో. నేను ఒక తాడును. నీలం నైలాన్ తాడును. ఇప్పుడు మీ పెరట్లో తడిబట్టలు మోస్తున్నాను గానీ, నన్ను కొన్నది దుబాయిలో.

మీ బాపు లింబాద్రి ఉండే గదిలో ఎవరు ఊరికి బయలుదేరినా అట్టపెట్టెకు నన్నే చుట్టేవాళ్లు. తిరిగొచ్చేవాడు నన్ను చుట్టచుట్టి తెచ్చేవాడు. ఎన్ని చేతులు మారానో. అందరిదీ ఒకటే మాట. దుబాయి నుంచి హైదరాబాదుకు రెండున్నర వేల కిలోమీటర్లు, విమానంలో నాలుగు గంటలు. ఆ లెక్క మీద మనుషులకు మహా నమ్మకం. దిగాక మీ ఊరికి కారులో పట్టే ఐదు గంటలు కూడా అందులో ఉండవు.

మీ తాత పోయాడని గురువారం సాయంత్రం ఫోన్ వచ్చింది. మీ బాపే పెద్దకొడుకు, కొరివి ఆయనే పెట్టాలి. "వస్తున్న, ఉంచున్రి" అన్నాడు మీ బాపు. ఊళ్లో ఆయన తమ్ముడు, మీ చిన్నబాపు భూమేష్ ఐస్‌పెట్టె తెప్పించాడు. నాలుగు గంటలే కదా అనుకున్నాడు.

పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంది. అప్పట్లో అక్కడ శుక్రవారం, శనివారం సెలవు. మీ బాపు వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాడు. గదికి తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఏడవలేదు. అన్నం పెడితే తిన్నాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే "వస్తున్న" అనే అన్నాడు. పాస్‌పోర్టు తన చేతిలో ఉండదని ఇంట్లో ఎన్నడూ చెప్పుకోలేదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. చావుకు పోయేవాడైనా ఒట్టి చేతులతో పోకూడదు. అదే గదిలో ఉండే రాజలింగం పెట్టె తెచ్చాడు.

"నీకోసం కాదే లింబన్నా. మా పోరికి పాలడబ్బా, గంగన్నోళ్ల అవ్వకు దుప్పటి. మళ్ల ఎవడు పోతడో ఏమో."

నన్ను బిగించి కట్టారు. నాలుగు పక్కలా ఆయన పేరే రాశారు.

ఆదివారం పాస్‌పోర్టు వచ్చింది. సోమవారం తెల్లారి విమానం. నాలుగు గంటలే పట్టింది, అబద్ధం కాదు. కానీ ఇక శవం ఆగదని ఊరి పెద్దలు ముందురోజే మీ తాత పాడె ఎత్తించారు. భూమేష్ కొరివి పెట్టాడు.

వాకిట్లో కారు ఆగింది. భూమేష్ కారు పైనున్న పెట్టెను చూశాడు. పేరు చదివాడు.

"సామాను మంచిగ సదురుకున్నవా అన్నా?"

"నాలుగ్గంటల తొవ్వకు గిన్ని రోజులా?" అంది మీ మేనత్త.

మీ బాపు పెట్టె దించి, నా ముడులు ఒక్కొక్కటే విప్పాడు. కోస్తే అయిపోయేది.

దినాలైన మర్నాడే భూమేష్ మెట్‌పల్లిలోని అత్తగారింటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఆ తర్వాత మీ బాపు ఎవరి సామాను వాళ్లిళ్లలో ఇచ్చి వచ్చాడు. అది భూమేష్ చూడలేదు. మీ బాపు చెప్పడు.

అందుకే నువ్వు మెట్‌పల్లి పోయినప్పుడు ఇది మీ చిన్నబాపుకు చదివి వినిపించు బిడ్డా. వినకుండా లేచిపోతే, గేటు దగ్గర కూర్చున్న ముక్క ఒక్కటైనా చదువు.